తాకట్టులో తిమింగలం దంతం

"అందరూ ఒకే పువ్వుల బట్టలో నిలబడి, నేనొక్కదాన్నే వేరే రంగులో కనబడితే? రేపు ఆ ఫోటో చూసినవాళ్ళు 'ఈ పిల్ల ఎవరు, దారిన పోతూ ఆగిందా' అనరా అక్కా?"

ఉనైసి ఈ మాట అన్నప్పుడు మేమిద్దరం వ్యాన్‌లో ఉన్నాం. రేవా నదిలో పరీక్షకు నీళ్ళు పట్టుకుని ఫిజీ రాజధాని సూవాకి తిరిగి వస్తున్నాం. వాన ఆగడం లేదు. ఆమె ఒళ్ళో ఐసు పెట్టె, పెట్టెలో సీసాలు. మోకాలు ఊపుతూనే ఉంది, సీసాలు గలగలలాడుతూనే ఉన్నాయి. పగిలిపోతాయని రెండుసార్లు చెప్పాను. ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

ఉనైసి కోరో దీవి పిల్ల. చదువుకోవడానికి సూవా వచ్చి, చదువయ్యాక మా నీటి పరీక్షల ల్యాబులో చేరింది. ఊళ్ళోనే నబువా పేటలో మేనత్త ఇంట్లో ఉండేది. జీతం చిన్నదే అయినా ఒంటిమనిషికి సరిపోయేది. సరిపోకుండా చేసింది కలవతా.

మా ఊళ్ళో ఏ వేడుకైనా కలవతా ఉండాల్సిందే. అందరికీ ఒకే అచ్చు బట్ట కొని, ఆడవాళ్ళు సులు చంబా అనే పొడుగు లంగా, పైచొక్కా జత, మగవాళ్ళు చొక్కాలు కుట్టించుకుంటారు. పెళ్ళికి ఒకటి, చావుకి ఒకటి, చర్చి సభకి ఒకటి, ఆఫీసు పండుగకి ఒకటి. ఎవరూ బలవంతం చేయరు. బట్ట ఎంచుకున్నాక దాని ఫోటో ఫోన్‌లో గుంపుకి వస్తుంది, దాని కింద అందరూ గుండె బొమ్మలు పెడతారు. బొమ్మ పెట్టడమంటే డబ్బు ఇస్తానని ఒప్పుకోవడమే. ఉనైసి అందరికన్నా ముందు పెట్టేది. దీవి నుంచి వచ్చిన పిల్ల వెనకబడిందని ఎవరూ అనుకోకూడదు.

ఖర్చు బట్టతో ఆగేదా! దానికి తగిన చెప్పులు, జుట్టు, టాక్సీలో వాటా, వేడుకయ్యాక స్నేహితురాలు లైసని వాళ్ళతో హోటల్లో భోజనం. ఒక వడ్డీవ్యాపారి దగ్గర తీసుకుంది, అది తీర్చడానికి ఇంకొకడి దగ్గర తీసుకుంది. జీతం పడిన రోజున ఆమె నిద్ర లేచేలోపే సగం వాళ్ళకు వెళ్ళిపోయేది.

అదంతా నాకు తెలిసిందే. తెలియనిది అప్పుడు చెప్పింది.

"అక్కా, మా ఇంటి తంబువా తాకట్టు పెట్టాను."

వ్యాన్‌ను రోడ్డు పక్కకి తీసి ఆపాను.

తంబువా అంటే తిమింగలం దంతం. తేనె రంగులో నున్నగా, రెండు కొసలకీ కొబ్బరిపీచు తాడు కట్టి ఉంటుంది. పిల్లను అడగాలన్నా, క్షమించమనాలన్నా, బిడ్డను మొదటిసారి తల్లి పుట్టింటివాళ్ళకి చూపించాలన్నా అది రెండు చేతుల్లో పట్టుకునే మాట్లాడాలి. ఉనైసి వాళ్ళింట్లో ఉన్నది నానమ్మది. తుఫానుకి దీవిలో ఇల్లు కూలాక, అక్కడైతే పోతుందని నానమ్మ దాన్ని సూవా పంపించి ఈమె పెట్టెలో దాచమంది. ఇప్పుడు అన్న సమిసోనికి కొడుకు పుట్టాడు. వాణ్ణి తల్లి ఊరికి తీసుకెళ్ళడానికి వచ్చే వారం పడవ దిగుతున్నారు. దిగగానే తంబువా అడుగుతారు.

"గడువెప్పుడు?"

"ఈ శుక్రవారం. శనివారం మేనత్త కొడుకు పెళ్ళి. పెళ్ళి బట్టకీ కుట్టుకూలీకీ రేపు ఇవ్వాలి. నా దగ్గరున్నది రెండిట్లో ఒకదానికే వస్తుంది."

నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని. ఏ భయం వచ్చినా ముందు లెక్క వేస్తాను. ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో వడ్డీ ఎలా పెరుగుతుందో వేసి చూపించాను. ఆమె దాని వంక కూడా చూడలేదు.

"లెక్క నాకూ వచ్చు అక్కా. నేనూ ల్యాబులోనేగా పనిచేస్తాను. ఫోటో సంగతి చెప్పు."

అద్దం చేత్తో తుడిచేశాను. వ్యాన్ నడిపాను.

సాయంత్రం శిశు కేంద్రం నుంచి మా పాపను తీసుకుని, ఉనైసిని ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళాను. వంటింట్లో మేనత్త కూతురు కెలెరా కొబ్బరి తురుముతోంది. ఆమె, ఉనైసి వరసకు వదినా మరదళ్ళు. ఇక్కడ ఆ వరసవాళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, కోపం తెచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు.

"వచ్చావా కోరో మహారాణీ! దర్జీకి డబ్బిచ్చావా, లేకపోతే పెళ్ళికి దుప్పటి చుట్టుకొస్తావా?"

ఉనైసి గుమ్మం నుంచి పొయ్యి దాకా నడిచింది, మళ్ళీ గుమ్మం దాకా వచ్చింది. తర్వాత ఒక్క గుక్కలో చెప్పేసింది.

"వదినా, నేను తంబువా తాకట్టు పెట్టేశాను."

కెలెరా చెయ్యి ఆగింది. "ఏ తంబువా?"

"నానమ్మది."

నేను పాపను గట్టిగా పట్టుకున్నాను, అరుపులు మొదలవుతాయని. కెలెరా నవ్వడం మొదలుపెట్టింది. కొబ్బరి చిప్ప జారి కింద పడింది.

"ఓరి దేవుడా! దంతమే పెట్టాలనుకుంటే నీ ముందరి పన్ను ఉందిగా తల్లీ, అదీ తిమింగలమంతే ఉంటుంది! దేనికి పెట్టావే?"

"ఆఫీసు కలవతాకి... లైసని పుట్టినరోజుకి... చెప్పులకి."

"ఏ చెప్పులు? ఆ బంగారు రంగువా? డాన్సులో తెగిపోయినవా?"

"అవే."

"అంటే మా అమ్మమ్మ దంతం చెప్పులైంది, చెప్పులు చెత్తబుట్టలోకి పోయాయి. భలే ఉంది లెక్క!"

ఉనైసి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, మధ్యలో తనూ నవ్వుతోంది. అన్ని నెలల్లో ఆమె ఒకచోట కదలకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను. నేల మీద, కొబ్బరి తురుము పక్కన.

"మరి ఇంకేం, పెళ్ళికి పాతవి వేసుకో," అంది కెలెరా ముక్కు తుడుచుకుంటూ. "ఎలాగూ నువ్వుండేది వంట దగ్గర, లోవో గుంట పక్కనే. నీ పువ్వుల్ని చూసేది అందులో కాలుతున్న పంది ఒక్కటే."

"ఫోటో?"

"ఫోటోలో నీ బుగ్గలకే చోటు చాలదు. బట్టెక్కడ పడుతుంది?"

గుమ్మంలో మేనత్త నిలబడి ఉందని అప్పుడు చూశాం. ఎప్పటి నుంచి వింటోందో. ఆవిడది నవ్వే వరస కాదు.

"ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు, పెళ్ళి ఖర్చుల్లో ఉన్నాను," అంది. "దాన్ని ఇంటికి తీసుకురా. సమిసోని వచ్చాక వాడి ముందు కూర్చుని నువ్వే చెప్పుకో. నీ బదులు నేను చెప్పను."

శుక్రవారం మధ్యాహ్నం భోజనం వదిలేసి ఇద్దరం తాకట్టు కొట్టుకి వెళ్ళాం. అద్దాల వెనక గిటార్లు, గడియారాలు, వాటి మధ్య తంబువాలు. ఉనైసి నుదురు అద్దానికి ఆనించి ఒక్కొక్కటే చూసింది. వాళ్ళది కనబడలేదు. అమ్మేశారనే అనుకున్నాను.

"లోపల ఉందమ్మా," అన్నాడు కొట్టాయన. "సాయంత్రం దాకా నీదేగా. సాయంత్రమైతే అద్దంలోకి వచ్చేసేది. ఒకాయన వచ్చి బేరం కూడా చేసి వెళ్ళాడు."

వడ్డీ ఆమె అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువైంది. పాప డైపర్లకని ఉంచుకున్నది తీసి ఇచ్చాను. సోమవారం నుంచి రోజూ నా మధ్యాహ్న భోజనానికి కాసావా దుంప, చేప వండి పొట్లం కట్టి తెచ్చి తీరుస్తానంది. తీర్చింది కూడా. ఆ పొట్లాలు మా ల్యాబులో మిగతావాళ్ళూ అడిగి కొనుక్కున్నారు. ఆమె అప్పు తీరడం అక్కడ మొదలైంది.

మర్నాడు పెళ్ళిలో అందరూ నీలం మీద పసుపుపచ్చ పువ్వులు, ఈమె పాత ఆకుపచ్చది. ఆమె భయపడ్డదే జరిగింది. ఫోటో తీసే అబ్బాయి చెయ్యి ఊపి, "ఆ ఆకుపచ్చావిడ కొంచెం పక్కకి జరగండి" అన్నాడు. ఉనైసి జరిగింది. వరసలోంచి కెలెరా "అదేంటయ్యా, అది మా ఆకుకూర, అది లేకుండా భోజనమా!" అని అరిచేసరికి అందరూ నవ్వారు, రెండో ఫోటోకి లాక్కొచ్చి నిలబెట్టారు. కానీ మేనత్త హాల్లో తగిలించుకున్నది మొదటి ఫోటోనే.

"నొప్పెట్టింది అక్కా," అంది సోమవారం సీసాలు కడుగుతూ. "అనుకున్నంత కాదు. కానీ పెట్టింది."

పడవ వచ్చింది. సమిసోనికి ఆమె చాప మీద ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. అతను విని లేచి బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు తంబువాను కొబ్బరినూనెతో తుడిచి, "నువ్వూ రా, బిడ్డను నువ్వు ఎత్తుకో" అన్నాడు. తల్లి ఊళ్ళో పెద్దలు దాన్ని అందుకుని చప్పట్లు చరుస్తుంటే, ఒళ్ళో బిడ్డ చేతులు పట్టుకుని వాడిచేత కూడా చరిపించానని నాతో చెప్పింది.

మిగతా అప్పులు తీరడానికి ఏడాది పైనే పట్టింది. పాత కలవతాలన్నీ కత్తిరించి చిన్నపిల్లల గౌన్లు కుట్టి శనివారాలు మార్కెట్లో అమ్మింది. మా పాప గౌను మీద ఒక పెళ్ళి, ఒక చర్చి సభ, మా ఆఫీసు క్రిస్మస్ పండుగ కలిసి ఉన్నాయి. గుంపులో కొత్త బట్ట ఫోటో వస్తే ఉనైసి ఇప్పుడు "నాది పాతదే, వంటకి వస్తాను" అని రాస్తుంది. లైసని కొన్నాళ్ళు ఈమెను పిలవడం మానేసింది. ఇంకో ఇద్దరు మాత్రం "నాదీ పాతదే" అని రాశారు.

ఈ మధ్య పాప పుట్టినరోజు దగ్గరపడింది. శిశు కేంద్రం తల్లులు ఒకరిని మించి ఒకరు చేస్తున్నారు. నా పిల్ల ఒక్కతే తక్కువైపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. బెలూన్ల తోరణం, అందరికీ ఒకే రంగు బట్టలు, ఇలా ఏవేవో లెక్కలు వేస్తున్నాను. ఆ సంగతి ఉనైసితో అంటే, చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది.

"కొనొద్దని నేను చెప్పను అక్కా. కొనే ముందు, నిన్ను చూసి నవ్వే హక్కున్న మనిషికి పైకి చెప్పు. చెప్పగలిగితే కొను. చెప్పడానికి నోరు రాకపోతే మాత్రం కొనొద్దు."

నాకు ఇక్కడ వదినలు లేరు. అందుకని కెలెరాకి ఫోన్ చేస్తున్నాను.