రోడ్డు వైపు ఇరవై సెంట్లు

ధనలక్ష్మికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం, తెనాలి నుంచి రేపల్లె పోయే రోడ్డు పక్కనే ఉంది. ముప్పై ఏళ్లుగా అందులో ఏం వెయ్యాలన్నా మొగుడు శేషగిరిరావుదే మాట. ఆవిడేమో ఊళ్లోవాళ్ల చేలల్లో మొక్కజొన్న గింజ పెట్టే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. వరి కోసిన మడిలో తడి ఆరకముందే, దున్నకుండా, తాడు వెంట కర్రతో వేలెడు లోతు గుంట పొడవడం, గింజ వెయ్యడం, మన్ను కప్పడం. ధనలక్ష్మి పెట్టిన గింజ మొలవలేదన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు.

శేషగిరిరావుకి ఈ పద్ధతి గిట్టదు. నాలుగూళ్లలో దుక్కికి పెట్టింది పేరు ఆయన. దున్నని నేలలో విత్తడమంటే తల దువ్వుకోకుండా పెళ్లికి పోవడమే ఆయన లెక్కలో. మరి వరి చేలో మినుము దున్నే చల్లుతున్నామా అని ధనలక్ష్మి అడిగితే, "మినుము సంగతి వేరే" అంటాడు. ఎలా వేరో చెప్పిన పాపాన పోలేదు.

మినుము రెండేళ్లు వరసగా పల్లాకు తెగులుకి పోయేసరికి, ఈసారి మొక్కజొన్న తప్పలేదు.

"ఏవండీ, ఈ ఒక్క పంటా నన్ను వేసుకోనివ్వండి" అంది ధనలక్ష్మి. సరేనన్నాడు. అని ఊరుకుంటే శేషగిరిరావు ఎందుకవుతాడు? మర్నాడు ఆవిడ ముఠాతో వచ్చేసరికి రోడ్డు వైపు ఇరవై సెంట్లు ట్రాక్టరుతో తిరగేసి ఉంది.

"ఇదేంటండీ?"

"రోడ్డున పోయేవాళ్లు నన్ను సోమరిపోతనుకోరూ? లోపల నీ ఇష్టం. ఎవరికి కనపడుద్ది?"

ధనలక్ష్మికి ఒళ్లు మండింది. లోపలి ఎనభై సెంట్లలో గింజ పెట్టించి వెళ్లిపోయింది. తిరగేసిన నల్లమన్ను ఎండకి పెడ్డలు కట్టింది. వాటిని చితక్కొట్టించి, మూడో నాడు శేషగిరిరావే దగ్గరుండి గింజ వేయించాడు. అప్పటికి తడి ఎగిరిపోయింది. గింజ చుట్టూ మట్టికంటే గాలే ఎక్కువ.

వారం తిరిగేసరికి లోపల మొలకలు తాడు పట్టినట్టు లేచాయి. చూసి ధనలక్ష్మి కళ్లు తుడుచుకుంది. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. రోడ్డు వైపు ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క. లోకానికి కనపడేది అదేనాయె! ధనలక్ష్మి చెయ్యి పోయిందట అన్నారు. పిలుస్తామన్న ఇద్దరు రైతులు మళ్లీ చూద్దామన్నారు. ముప్పై ఏళ్ల పేరు వారంలో మట్టిపాలయ్యేలా ఉందని ఆవిడకి అన్నం సహించలేదు.

రోడ్డు వైపు మొలక తప్పిన చోట్ల ఆవిడ మళ్లీ గింజ పెడుతూ వంగి ఉండగా, పక్క ఊరి నరసింహం రోడ్డు మీద బండి ఆపాడు. గట్టు మీదున్న శేషగిరిరావుని పిలిచాడు.

"అక్క చేతి గింజ మొలవలేదంటగా బావా! నువ్వే వచ్చి మా చేను దున్నిపెట్టు."

శేషగిరిరావు ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట అది. ధనలక్ష్మి వంగినచోటే ఇంకో గింజ పెట్టి మన్ను కప్పింది. ఆయన ఆ వంగిన నడుం వైపు ఒకసారి చూసి, నరసింహం చెయ్యి పట్టుకుని గట్టు వెంట లోపలికి లాక్కుపోయాడు. పచ్చగా, వరసలు వరసలుగా ఎనభై సెంట్లు.

"ఇది మీ అక్క పెట్టింది. నువ్వు దున్నబాకు. రేపే ముఠాని పిలువు."

"మరి రోడ్డు పక్కది?" అన్నాడు నరసింహం తెల్లబోయి.

"అది నేను దున్నింది!" అన్నాడు శేషగిరిరావు, రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా వినపడేలా.