రేవు కొట్టు చెప్పుల గూడు

రేవు కొట్టు వదినకి ఈ భూమ్మీద ఎవరిమీదా నమ్మకం లేదు. అలాగని చెడ్డమనిషి అనుకునేరు, ఎంతమాట! ఆకలని గుమ్మంలో నిలబడితే తన పళ్ళెంలోది తీసి పెట్టే మనిషి. కాకపోతే పెట్టాక, వాడు తింటున్నంతసేపూ ఆ చెంచా వంకే చూస్తూ కూర్చుంటుంది. టెంట్లు వేసుకోడానికి పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళు అగ్గిపెట్టె అడిగితే "ఏం తగలబెడతారు?" అంటుంది. పక్క పల్లె రైతు తాడు కావాలంటే ఆ తాడు ఏ గేదెకో, పాత తాడు ఏమైందో కూపీ లాగితేగానీ కత్తెర తియ్యదు. గాలాలకి వానపాములు తెచ్చి అమ్మే ముసలాయన వచ్చాడంటే మరీను. డబ్బా బోర్లించి, వేలితో కెలికి, పాములకన్నా మట్టి ఎక్కువ పోశాడేమోనని చూస్తుంది.

"అవి పాములమ్మా తల్లీ, ముత్యాలు కావు!" అని ఆయన మొత్తుకుంటాడు.

"ముత్యాలైతే ఇంత చూడను. ముత్యాలు పారిపోవుగా," అంటుంది వదిన.

ఆవిడ భర్తని ఆ చుట్టుపక్కల అందరూ అన్నా అని పిలిచేవాళ్ళు. అన్న పోయాడు, కొట్టూ, వదినా మిగిలారు. నది వంపు తిరిగేచోట, రేవుకి ఎదురుగా, రేకుల కప్పు కొట్టు అది. లోపల ఓ పక్కంతా ఊరివాళ్ళ సరుకు: దాణా బస్తాలు, మేకులు, సబ్బులు, పార కర్రలు. రెండో పక్కంతా నది పిచ్చోళ్ళ సరుకు: గాలాలు, నైలాను దారాలు, తెడ్లు, తలకి కట్టుకునే లైట్లు, గాలి దిండ్లు. నది పిచ్చోళ్ళని పేరు పెట్టింది వదినే. ఇంట్లో మెత్తటి మంచం వదిలేసి వచ్చి రాళ్ళమీద పడుకునేవాళ్ళని ఇంకేమనాలి, మీరే చెప్పండి. వాళ్ళవల్లే కొట్టు నడుస్తోందన్నది వేరే సంగతి.

గుమ్మం పక్కన గోడకి వరసగా చెక్క గూళ్ళున్నాయి. కొట్టుకి ప్రాణం అవే. ఒకసారి ఇద్దరు పడవేసుకుని వెళ్ళి, తిరిగి రాలేదన్న సంగతి తెల్లారేదాకా ఎవరికీ తెలియక, ఒకడు దక్కలేదు. ఆ తరవాత అన్న ఈ గూళ్ళు కొట్టించాడు. నీళ్ళమీదకి వెళ్ళే ప్రతివాడూ తన చెప్పులో, బూట్లో గూట్లో పెట్టి వెళ్ళాలి. తిరిగొచ్చి తన చేత్తో తనే తీసుకోవాలి. ఒకరి జోడు ఇంకొకరు ముట్టుకోకూడదు, మొగుడి జోడు పెళ్ళాం కూడా. చీకటి పడేముందు వదిన మరిది గూళ్ళు చూస్తాడు. అన్నీ ఖాళీ అయితే తన పడవ ఒడ్డుకి లాగి గొలుసేస్తాడు. ఒక్క జోడు మిగిలినా సరే, టార్చి పట్టుకుని నదిమీదకి వెళ్తాడు. ఇంకే రేవుకీ వెళ్ళని నది పిచ్చోళ్ళు ఇక్కడికే వెతుక్కుంటూ రావడానికి కారణం అదే.

ఈ మరిది నెమ్మదస్తుడు. తల నెరిసినా వదిన అతన్ని ఇంకా "అబ్బాయ్" అనే పిలుస్తుంది. నోట్లోంచి మాట ఊడిపడాలంటే గగనం. కిరాయి పడవలు కడగడం, తెడ్లు సరిచెయ్యడం, సాయంత్రం గూళ్ళు చూడడం, ఇదే అతని లోకం. మాట్లాడని మనిషి ఏదో దాస్తున్నాడనే వదిన లెక్క. పైగా కొట్టులో, రేవు స్థలంలో సగం ఆవిడదైతే సగం అతనిది. ఎదుటి ఒడ్డున చూస్తుండగానే స్థలాలన్నీ కంపెనీవాళ్ళు కొనేసి గాజు గోడల విడిదులు కట్టేస్తున్నారు. రేపు ఈ నోరులేనివాడు ఎక్కడో ఓ సంతకం గీకాడంటే వదిన బతుకు వీధిన పడుతుంది. ఆవిడకి నిద్ర పట్టనివ్వనిది అదే.

సరిగ్గా అలాంటప్పుడు దిగాడు గాలం సారు.

పట్నంలో ఏదో ఆఫీసులో పని చేస్తాడట, రేపోమాపో రిటైరవుతాడట. ఖరీదైన గాలం కర్ర, మెరిసే తోలు బూట్లు. జనం ఉండే సెలవురోజుల్లో రాడు, కొట్టు ఖాళీగా ఉండే రోజు చూసి వస్తాడు. అక్కడే వదినకి మొదటి ముల్లు గుచ్చుకుంది. రెండో ముల్లేమిటంటే, ఆయన ఏనాడూ వానపాములు కొనలేదు.

"మరి చేపల్ని ఎలా పడతారు సార్? తియ్యటి మాటలు చెప్పా?" అని అడిగేసింది వదిన ఓరోజు.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అబ్బే, ఊరికే... గాలి కోసం," అని గొణిగి బయటికి నడిచాడు.

గాలి కోసమట! గాలి కోసం వచ్చేవాడు ఒడ్డు గట్టిగా ఉంటుందా, నీరు ఎక్కడిదాకా వస్తుంది, వానాకాలం ఎంత పెరుగుతుంది అని అడుగుతాడా? అవి స్థలం కొనేవాడి ప్రశ్నలు. పోనీ ఆవిడనే అడిగాడా అంటే, లేదు, మరిదిని పక్కకి తీసుకెళ్ళి అడుగుతాడు. ఇద్దరూ గుసగుసలాడుకుంటూ ఎగువ దారిన చెట్ల వెనక్కి పోతారు. వదిన నీళ్ళ బిందె వంకన అటు వెళ్తే చాలు, మాట తెగిపోతుంది. ఒకసారి వెనక గది కిటికీలోంచి చూసింది కూడా. మరిది ముళ్ళేసిన తాడొకటి నీళ్ళలోకి వదిలి లోతు చూపిస్తున్నాడు. సారు ఒడ్డున నిలబడి తలాడిస్తున్నాడు. వదిన గుండెల్లో రాయి పడింది. కొలతలదాకా వచ్చేశారన్నమాట!

ఆ రాత్రి అన్నం దగ్గర నిలదీసింది. "అబ్బాయ్, ఆయనతో నీకేంటి ఈ గూడుపుఠాణీ?"

మరిది నీళ్ళు నమిలాడు. "ఏం లేదు వదినా."

"ఏం లేకపోతే తాడెందుకు?"

"ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడు," అనేసి పళ్ళెం తీసుకుని లేచిపోయాడు.

చెప్పొద్దన్నాడా! పుండుమీద కారం చల్లినట్టైంది వదినకి. కట్టుకున్నవాడి తమ్ముడు, తన చేతి అన్నం తిని పెరిగినవాడు, ఎవడో దారినపోయేవాడి మాటకి కట్టుబడి తనకే దాస్తాడా? ఏడుపొచ్చింది. ఏడుపుని కోపం కిందకి మార్చుకోవడం ఆవిడకి బాగా చేతనవును.

ఆ తరవాత సారు వచ్చిన రోజు మరిది ఊళ్ళో లేడు, పంపుసెట్టు బాగు చేయించడానికి పట్నం వెళ్ళాడు. సారు ఎప్పట్లాగే కొట్టు ముందు బూట్లు విప్పి గూట్లో పెట్టి, రబ్బరు జోళ్ళేసుకుని, గాలం కర్ర భుజాన వేసుకుని ఎగువ దారిన వెళ్ళాడు. ఆయన కిరాయికి పడవ తీసుకోగా వదిన ఏనాడూ చూడలేదు. నీళ్ళలో దిగని మనిషికి గూడెందుకు? అన్న కొట్టించిన గూట్లో బూట్లు పెట్టి నాటకాలా? మరిది లేనిరోజు చూసుకుని మిగతా కొలతలు తీసుకోడానికి వెళ్ళుంటాడు. రానీ, ఇవాళ తేల్చేస్తాను అనుకుంది.

గూటి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. అన్న పోయాక కూడా ఆ గూళ్ళలో ఇంకొకరి జోడుని తాకిన చెయ్యి లేదు. అయినా లాగేసింది. తీసుకెళ్ళి వెనక గదిలో దాణా బస్తాల వెనక పడేసింది. సారు తిరిగొచ్చి బూట్లేవని అడగాలిగా? అప్పుడు దొరుకుతాడు, ఆయన వచ్చిన పనేమిటో కక్కిస్తేగానీ ఇవ్వను అనుకుంది.

మధ్యాహ్నం దాటాక ఓ బస్సు నిండా నది పిచ్చోళ్ళు దిగారు. వాళ్ళకి తాళ్ళు, బ్రెడ్లు, దోమల మందు అందిస్తూ వదిన క్షణం తీరిక లేకుండా తిరిగింది. పొద్దువాలే వేళకి మరిది వచ్చాడు. గూళ్ళవంక చూశాడు. అన్నీ ఖాళీ. పడవ ఒడ్డుకి లాగి గొలుసేసి, చేతులు కడుక్కుని వచ్చి టీ గ్లాసు అందుకున్నాడు. బయట మసకచీకటి కమ్ముకుంటోంది.

వదిన ఇక ఆపుకోలేకపోయింది. "నీ సారు ఇంకా రాలేదబ్బాయ్. రానీ. బూట్లు నా దగ్గరే ఉన్నాయి."

"బూట్లేంటి?"

"గూట్లోంచి నేనే తీసి దాచాను. ఇవాళ ఆయన సంగతో, నీ సంగతో తేలాల్సిందే!"

మరిది చేతిలో గ్లాసు ఠక్కున బల్లమీద పడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వదినా, ఆయన నీళ్ళమీదున్నాడు! పాత చిన్న పడవ పైన చెట్ల దగ్గర కట్టుంచాను. నేను లేకపోతే ఒడ్డు పక్కనే తిప్పుకోమన్నాను."

అంటూనే రేవువైపు దూకాడు. వదిన కొట్టు తలుపులు బార్లా వదిలేసి, టార్చి పట్టుకుని అతని వెనకే పరిగెత్తింది. "నువ్వుండు" అన్నా వినకుండా పడవెక్కేసింది. మరిది తెడ్డు వేస్తూ, బతుకులో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు. సారుకి చిన్నప్పట్నుంచీ నీళ్ళంటే ప్రాణభయమట. ఆయన భార్యకి మాత్రం నదంటే పిచ్చట. రిటైరయ్యాక ఇద్దరం కలిసి పడవమీద తిరుగుదామని ఎన్నాళ్ళుగానో ఆశపడుతోందట. భయమని చెప్పడానికి ఆయనకి ముఖం చెల్లక, గాలం కర్ర ఒకటి కొనుక్కుని, దొంగచాటుగా తెడ్డు వెయ్యడం నేర్చుకుంటున్నాడట.

"మరి తాడు?" అంది వదిన. ఆ పరిస్థితిలోనూ అడిగింది.

"నిలబడితే మునిగేంత లోతు లేదని చూపిస్తేగానీ పడవెక్కనన్నాడు వదినా."

వదిన పడవ ముందుకొసకి జరిగింది. టార్చి వెలుగు నీళ్ళమీద అటూ ఇటూ తిప్పుతూ, "సార్! ఓ సార్!" అని గొంతు చిరిగేలా అరిచింది. వంపు దాటాక దిగువనుంచి సన్నగా బదులొచ్చింది. నది మధ్యలో ఓ బండని రెండు చేతులా కావలించుకుని, నడుందాకా నీళ్ళలో ఉన్నాడాయన. పడవ ఎప్పుడో కొట్టుకుపోయింది. మరిది ఆయన్ని చంకలకింద పట్టుకుని పడవలోకి లాగాడు. ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వదిన తన శాలువా తీసి కప్పింది.

కాసేపటికి ఆయనకి మాట వచ్చింది. "భయపడ్డాను, అబద్ధమెందుకు. కానీ బూట్లు గూట్లో ఉన్నాయిగా! చీకటి పడేలోపు మీరొచ్చేస్తారని తెలుసు. అదే చెప్పుకుంటూ పట్టుకునున్నాను. చీకటి పడిపోయాక మాత్రం... ఏమైందో అర్థం కాలేదు."

మరిది నీళ్ళవంక చూస్తూ తెడ్డు వేస్తున్నాడు. అతను చెప్పడు. వదిన కూడా నోరు మూసుకుంటే ఆ మాట అక్కడితో పోయేది.

"బూట్లు గూట్లో లేవు సార్. నేను తీసేశాను."

"మీరా? ఎందుకూ?"

"మీరు మా రేవు కొనెయ్యడానికొచ్చారనుకున్నాను."

ఆయన శాలువా దగ్గరికి లాక్కున్నాడు. "పడవలో కూర్చోవడానికే భయపడి చచ్చేవాణ్ణి. నేను రేవు కొంటానా అమ్మా?" అన్నాడు. అందులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేదనిపించింది వదినకి. కొట్టు దగ్గరికొచ్చాక బూట్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తొడుక్కుని, శాలువా మడిచి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక రాడనుకుంది వదిన. ఎగువ దారివంక చూస్తూ రోజులు గడిపింది. ఈ సంగతి నలుగురికీ తెలిస్తే ఈ రేవుకి ఎవరొస్తారని మనసులో కుమిలింది. మరిది పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడం ఇంకా బాధించింది.

కానీ ఆయన వచ్చాడు. ఈసారి భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎండకి నల్లబడిన, గట్టి చేతుల పొట్టి మనిషి ఆమె. సారు అందరూ చూస్తుండగా బూట్లు విప్పి గూట్లో పెట్టి, మరిదితో పాటు నేరుగా రేవులోకి దిగి, పడవెక్కాడు. వదిన మనసు కాస్త తేలికపడింది. భార్య మాత్రం వెళ్ళలేదు. బల్ల లాక్కుని, నదికి వీపు పెట్టి, సరిగ్గా గూళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"అక్కడ ఎండమ్మా, లోపలికొచ్చి కూర్చోండి," అంది వదిన.

"ఫరవాలేదు."

"నదంటే మీకు ఇష్టమటగా. చూడరా?"

"ఇవాళ ఇదే చూస్తాను," అంది సారు భార్య, గూటివంకా, వదిన చేతులవంకా చూస్తూ.

వదిన టీ పెట్టి తెచ్చింది. ఆమె గ్లాసు అందుకుని, లోపలికి తొంగిచూసి, వాసన చూసి, అప్పుడు తాగింది. ఇంకెవరైనా ఆ పని చేసుంటే వదిన అక్కడికక్కడే దులిపేసేది. దాణా తూచాలి, రైతుకి సబ్బులివ్వాలి, బయటి తెడ్లు లోపల పెట్టాలి. దేనికి లేచినా ఆ గూళ్ళ పక్కనుంచే వెళ్ళాలి. ఆ రోజంతా వదిన అటు వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా, రెండు చేతులూ సారు భార్యకి కనబడేలా ముందుకి పెట్టుకుని నడిచింది.