కట్టు అందని చోటు

చొప్పదండి దగ్గరి పల్లెలో అంతయ్య కట్టు కట్టాడంటే విరిగిన ఎముక అతుక్కోవలసిందే. వెదురు బద్దలు, గుడ్డు సొన, పాత చీర పేలికలు, ఆయన సరంజామా అంతే. కట్టు కోసం వచ్చినవాళ్లను వెనక్కి పంపనని గురువుకు మాటిచ్చాడు. మంచి మాటే. కానీ ఆ మాట పట్టుకుని, చేతకాని పనికి కూడా 'నాకు రాదు' అనకుండా ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడు మహానుభావుడు!

1961 వానాకాలంలో ఒక పొద్దున ఆయన భార్య ఐలవ్వ వాకిట్లో అలుకు చల్లుతూ జారిపడింది. అంతయ్య ఉరికొచ్చి చూశాడు. కుడికాలు పొట్టిదైంది, పాదం బయటికి ఒరిగిపోయింది. తుంటి విరిగింది. వెదురు బద్దల జోలికి పోకుండా బండి కట్టించి కరీంనగర్ దారి పట్టాడు. ఎముకల వైద్యుడే పెళ్లాన్ని దవఖానకు తీసుకుపోతుంటే ఊరు ముక్కున వేలేసుకుంది.

మిషన్ దవఖానలో డాక్టరు చెప్పినదంతా నర్సు రిబ్కమ్మ విడమరిచింది.

"తాతా, కాలుకు బరువు వేలాడదీసి మూడు నెలలు పండవెట్టొచ్చు. అవ్వ వయసుకు అది మంచిగ గాదు. తుంటి ఎముక మీది గుండు తీసేసి స్టీలు గుండన్న పెట్టొచ్చు. గని దెబ్బ తాజాగున్నది, ఎముక గట్టిగున్నది. విరిగినకాడ స్టీలు మొల దించుడే మేలంటుండు డాక్టరు. ఆలిస్యమైతే మాత్రం నెత్తురందక గుండు ఎండిపోతది."

అంతయ్య ఆ మొలను అడిగి చేతిలోకి తీసుకున్నాడు. పొడుగునా మూడు రెక్కలున్నాయి.

"గుండ్రటి మొలైతే లోపట గుండు తిరుగుతది. గీ రెక్కలు తిరగనియ్యవు" అన్నాడు. డాక్టరు నవ్వి భుజం తట్టాడు.

ఐలవ్వ మాత్రం గోడవైపు మొహం తిప్పుకుంది.

"ఊరందరికి కట్టు కట్టినవ్. నేనేం పాపం జేసిన్నయ్యా? కడితే నువ్వు కట్టు. కోతకు నేనొప్ప."

అంతయ్య ఎన్ని విధాల బతిమాలినా వినలేదు. సాయంత్రం దాకా చూసి, మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు.

"ఐలవ్వా, తుంటికి నా కట్టు అందదే. విరుపుకు కింద కట్టాలె, పైన కట్టాలె. తుంటికి పైన యాడ కడుదు? నేను కట్టిన తుంటి ఒక్కటన్న అతుకలే." మంచం కోడు పట్టుకున్నాడు. "నిన్ను గన్న మీ అవ్వదిగూడ. కాలం దీరి పోలే ఆమె. నా కట్టుల పండి పండి, పుండ్లు వడి పోయింది. నాకు రాదని ఆనాడు నోరు రాలే."

ఇక ఈ జన్మలో తన మొహం చూడదనుకున్నాడు అంతయ్య.

"నాకెర్కే" అంది ఐలవ్వ, మొహం ఇటు తిప్పి. "అవ్వ పోయేముందే చెప్పింది. 'అల్లుని చెయ్యి మంచిదే బిడ్డా, గని గీడిదాక అందుతలేదు. ఆయనతోని అనకు, చిన్నబోతడు' అన్నది."

పద్నాలుగేళ్లు ఆ మాటను కడుపులో దాచుకుంది పిచ్చితల్లి.

"ఎరికుండి నన్నే కట్టుమంటివా?"

"అందరికి కట్టి నాకొక్కదానికే కట్టనంటివి. నేను నీకేం గానా అనిపిచ్చింది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పో, మొల దించుమను."

మర్నాడే దించారు. మూడు నెలలు ఆ కాలు కింద మోపనివ్వలేదు. నాలుగో నెలలో ఇంట్లో చంకకర్రల మీద లేచి నిలబడింది. అంతయ్య రెండు చేతులూ చాచి ఆమె ముందు వెనక్కి నడుస్తున్నాడు.

"పట్టుకోకు" అంది ఐలవ్వ.

తొమ్మిది అడుగులు వేసింది. ఊరందరి ఎముకలూ పట్టి చూసిన ఆ మనిషి, తొమ్మిది అడుగులూ భార్యను ముట్టుకోకుండా, వెక్కివెక్కి ఏడుస్తూ వెనక్కి నడిచాడు.