సున్నం తిన్న నత్తలు

2022వ సంవత్సరం, కార్తీకమాసం మొదలైన వారం. అప్పట్లో నేను గురజాల ప్రాంతంలో ఉద్యాన అధికారిగా పనిచేస్తున్నాను. మా పని ఎక్కువగా మిరప, బత్తాయి, పందిరి కూరగాయల చుట్టూ తిరుగుతుంది. పెరటితోటల వాళ్ళు మమ్మల్ని పిలవడం అరుదు. పిలిచినా ఒక మచ్చపడిన ఆకునో, పిండినల్లి పట్టిన కొమ్మనో చూపించి మందు పేరు అడుగుతారు. ఆ ఉదయం ఫోన్ చేసిన రమణమ్మగారు మందు అడగలేదు, తీర్పు అడిగారు.

“అమ్మాయ్, మొక్కల డాక్టరువి నువ్వేనా? సోమవారం లోపల మా ఇంటికి రావాలమ్మా.”

“సోమవారం ఏముందండీ?”

“తాపీమేస్త్రి వస్తన్నాడు. మా పక్కింటామెకీ మాకూ మధ్య గోడలో సందుంది, పూడ్పిస్తన్నా. నత్తలు విసిరేది ఆమేనని నువ్వొచ్చి చెబితే, నాకు మనసులో పీకులాట లేకుండా పోద్ది.”

రమణమ్మగారి భర్తది కిరాణా కొట్టు. ఇల్లు ఊరి చివర, వెనక పొడుగాటి పెరడు. తోటకూర, పాలకూర, బీర, వంగ అన్నీ కొలిచి గీసినట్టు మళ్ళలో ఉన్నాయి. కానీ దగ్గరికి వెళితే ఆకుల్లో ఈనెలు మాత్రమే మిగిలాయి. వంగ నారు మొదలంటా పోయింది. మట్టి మీద ఎండిన జిగురు చారలు వెండి జరీలా మెరుస్తున్నాయి. ఇది ఆఫ్రికా నత్త పని. పిడికిలంత గుల్ల మోసుకుని తిరిగే ఈ జాతి, కొన్న మొక్కల కుండీల మట్టిలో గుడ్లరూపంలో ఊళ్ళు మారుతుంది. అక్కడక్కడా స్లగ్స్, అంటే గుల్ల లేని నత్తలు కూడా ఉన్నాయి.

గోడలోని సందు చూశాను. ఎప్పుడో రెండు రాళ్ళు ఊడితే అలాగే వదిలేశారట. ఏళ్ళ తరబడి ఇటు నుంచి పులిహోర గిన్నె, అటు నుంచి గోంగూర పచ్చడి గిన్నె రాకపోకలు సాగించి, దాని అంచు నున్నగా అరిగిపోయింది. ఇప్పుడు దానికి అడ్డంగా ఒక గోనెపట్టా వేలాడుతోంది.

“పొద్దున లేచి చూస్తే గోడ మొదట్లో నత్తలు కుప్పలుగా ఉంటన్నయ్. ఇన్ని యాడ నుంచి వస్తయ్? కార్తీకంలో నేను చీమను కూడా తొక్కనని ఆమెకు తెలుసు. అందుకే నా మీదకి తోస్తంది” అన్నారు రమణమ్మగారు, పట్టా వైపు వినిపించేలా.

పట్టా వెనక నుంచి వెంటనే జవాబు వచ్చింది. “ఏంది, నేను తోస్తన్నానా? నా కోళ్ళ గూడు చుట్టూ నత్తలే. నువ్వేగా ఏరి ఏరి నా దొడ్లో పోస్తంది!” అది కోటేశ్వరమ్మగారు. మిరప, పత్తి సాగుచేసే కుటుంబం. ఆమె దొడ్లో నాటుకోళ్ళు, చిక్కుడు పాదు, బంతి మొక్కలు ఉన్నాయి.

నేను గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇలాంటి సమయంలో మనుషుల మాటలకన్నా పురుగుల ఆనవాళ్ళు నమ్మదగినవి. గోడ మీది నుంచి విసిరిన నత్త గుల్ల పగలాలి, లేదా కనీసం అంచు చిట్లాలి. నేను తిప్పి చూసిన ప్రతి గుల్లా చెక్కుచెదరకుండా ఉంది. విసిరిన నత్త గోడ మీద దారి వేయదు. కానీ ఇక్కడ జిగురు చారలు మట్టి నుంచి గోడ పైకి, పై నుంచి అవతలికి, అవతలి నుంచి మళ్ళీ ఇవతలికి ఉన్నాయి.

“రెండు వైపులా నడిచి తిరుగుతున్నాయండీ. ఎవరూ విసరలేదు” అన్నాను.

“నడిచొచ్చినా సున్నం గీత దాటి ఎట్టా వస్తయ్ అమ్మాయ్? గోడ పొడుగునా పోశాగా. నత్తకు సున్నం తగిలితే చచ్చుద్దని అందరూ చెప్పిందేగా! పల్నాడులో ఉండి సున్నానికి లోటా?”

అప్పుడు గమనించాను. మడుల చుట్టూ, గోడ పొడుగునా చేతి వెడల్పున తెల్లటి గీత. దసరాకు వెల్ల వేసినప్పుడు మిగిలిన సున్నాన్ని ఆరబెట్టి, పొడి కొట్టి పోశారట. అవతల కోటేశ్వరమ్మగారు కూడా సరిగ్గా అదే చేశారు. సున్నం బట్టీల పక్కన బతికే మనకు ఏ పురుగుకైనా, ఏ తేమకైనా మొదట తోచే మందు సున్నమే.

గీత పక్కన సన్నటి దారాల్లాంటి రెట్టలు ఉన్నాయి. నత్త రెట్ట రంగు అది తిన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆకు తింటే ఆకుపచ్చ, కాగితం తింటే కాగితం రంగు. ఇక్కడి రెట్టలు తెల్లగా ఉన్నాయి.

నాకు నవ్వు ఆగలేదు. కానీ ఆ నవ్వుకు కారణం నోటితో చెబితే ఇద్దరూ నమ్మరని తెలుసు. “రేపు తెల్లవారుజామున వస్తాను. ఇద్దరూ గోడ దగ్గర ఉండాలి, మాట్లాడుకోనక్కర్లేదు, చూస్తే చాలు” అన్నాను.

మర్నాడు వెలుగు రాకముందే టార్చి పట్టుకుని వెళ్ళాను. పట్టా పక్కకు జరిగి ఉంది. సందులో అటొక ముఖం, ఇటొక ముఖం. టార్చి వెలుగు గోడ మీద వేశాను. దసరా వెల్ల మీద నత్తలు అతుక్కుని, తలలు మెల్లగా అటూ ఇటూ ఊపుతున్నాయి. అవి పోయిన చోట వెల్ల వంకర చారలుగా లేచిపోయి, అడుగు రాయి కనిపిస్తోంది. కింద కొన్ని తీరిగ్గా సున్నం గీత మీదే కూర్చున్నాయి.

నత్త నోట్లో రాడ్యులా అనే పట్టీ ఉంటుంది. దాని మీద కంటికి ఆనని పళ్ళు వరుసలుగా ఉంటాయి. నత్త కొరకదు, ఆకురాయితో రుద్దినట్టు గీకుతుంది. గుల్ల పెరగడానికీ, గుడ్ల పెంకుకూ దానికి కాల్షియం కావాలి. బట్టీ నుంచి దిగిన ముడిసున్నం ఘాటుగా కాలుస్తుంది; కానీ తడిసి, గాలి పట్టి, రోజులు గడిచేకొద్దీ అది మళ్ళీ సున్నపురాయి స్వభావానికే తిరిగిపోతుంది. అప్పుడది విషం కాదు, మేత. ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు కోపంతో గీత చిక్కగా పోసినకొద్దీ నత్తలకు విందు పెరిగింది.

ఇంత వివరించాక కోటేశ్వరమ్మగారు నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. “ఓసి వీటి దుంపతెగ! కడుపుతో ఉన్నప్పుడు నువ్వు బలపాలు నమల్లేదా వదినా? అచ్చం అట్టాగే తింటన్నయ్ చూడు!”

“ఆ బలపాలు తెచ్చిపెట్టింది ఎవరే? నువ్వేగా” అన్నారు రమణమ్మగారు. నాకు తెలిసినంతలో పట్టా కట్టాక వాళ్ళ మధ్య తిట్లు లేకుండా నడిచిన మొదటి మాటలు అవే.

తర్వాత పని సులువైంది. సున్నం గీతలు ఎత్తించాను. గోడకు ఆనించిన నాపరాళ్ళు కదిలిస్తే, వాటి నీడలో పగలంతా దాక్కున్న నత్తలూ, మినపగింజలంతేసి లేత పసుపు గుడ్ల గుత్తులూ బయటపడ్డాయి. రాళ్ళను ఎండలోకి మార్పించాను. నీళ్ళు సాయంత్రం కాక ఉదయం పెట్టమన్నాను. రాత్రికి మడి పైభాగం ఆరితే నత్తకు నడక కష్టం. తడి గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు పెట్టి, తెల్లవారి అక్కడ చేరినవాటిని చేతికి తొడుగు వేసుకుని ఏరాలి. గుళికల మందు వద్దన్నాను. దాన్ని కోళ్ళు మేస్తే ప్రమాదం. ఏరినవాటిని ఉప్పు బాగా కలిపిన నీళ్ళ బకెట్లో ముంచి, తర్వాత గొయ్యి తీసి పూడ్చాలి. ఉప్పు మాత్రం మడిలో పడకూడదు, మట్టి చెడుతుంది.

ఇక్కడ రమణమ్మగారు ఆగిపోయారు. “ముంచటం నా వల్ల కాదమ్మాయ్. కార్తీకం. పున్నమికి నా పెరటి కూరలతోనే వనభోజనం పెడతానని మాటిచ్చా, నిజమే. కానీ చంపి పెట్టలేను.”

“ఏరటం తప్పు కాదుగా?” అన్నారు గోడ అవతలి నుంచి. “నువ్వు ఏరి ఇట్టా ఇయ్యి. నేను ముంచుతా. మిరపచేలో పురుగుని ఏ నెల చూసి చంపాను?”

“పాపమంతా నీ నెత్తినేసుకుంటావా?”

“నువ్వు చేసిన దీపాల పుణ్యంలో సగం నాకు రాసెయ్యి, చెల్లుకు చెల్లు.”

మొదటి బకెట్టు ఆ సందులోంచే అవతలికి వెళ్ళింది.

సోమవారం మేస్త్రి ఇసుకతో, సిమెంటుతో వచ్చాడు. పిలిచినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం ఎందుకని, ఎండలో ఆరిన నాపరాళ్ళలో ఒకదాన్ని సందు అడుగున పరిపించారు. బకెట్టు ఒరగకుండా ఉంటుందట. పున్నమి నాటికి తోటకూర మళ్ళీ చిగురించింది, బీరపాదు నిలబడింది. వంగ మాత్రం దక్కలేదు. వనభోజనానికి వంకాయలు అంగట్లో కొన్నారు. కూరలు తరిగింది ఇద్దరూ కలిసే.

ఆ తర్వాత ఏ తోటలో అడుగుపెట్టినా, “ఏ తెగులు?” అని అడిగే ముందు “దీనికి మీరేం వేశారు?” అని అడగడం నాకు అలవాటైంది. తెగులుకు మేత ఒక్కోసారి మనం నమ్మి వేసిన మందులోనే ఉంటుంది.

కార్తీకం వెళ్ళాక ఆ దారిన పోతూ ఆగాను. గోనెపట్టా లేదు. రమణమ్మగారు బకెట్టు నాపరాయి మీద పెట్టి, “వదినా!” అని కేకేస్తున్నారు. అడుగున ఒకటో రెండో నత్తలు ఉన్నాయేమో.

“నెల దాటిందిగా అండీ, ఇంకా ఆమె చేతే ముంచిస్తున్నారా?” అన్నాను.

“ఊరుకో అమ్మాయ్” అన్నారు ఆమె గొంతు తగ్గించి. “ఆ రెండూ నేను ముంచలేకనా? పొద్దున్నే ఊరికే పిలిస్తే ‘పనీపాటా లేదా’ అంటది.”