చోడి అంబలిలో కలిపిన మాత్ర

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. చెప్పమని అడిగిన మనిషి ఇప్పుడు లేడు. వినవలసిన మనిషి ఉంది, ఆదివారం ఆదివారం ఫోను కూడా చేస్తుంది. దానికి చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే కాస్త సులువుగా ఉంది.

అప్పుడు మేము జంషెడ్‌పూర్‌లో, కద్మాలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయనది గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. నాకు మేనమామే, అందుకే మావా అని పిలిచేదాన్ని. మంచివాడు. తాగని రోజున మంచివాడు. కానీ డ్యూటీ దిగి వస్తూ దారిలో హండియా పట్టించేవాడు. అన్నం పులియబెట్టి చేస్తారు దాన్ని అక్కడ, మన కల్లులాంటిదే. ఆయన అడుగుల చప్పుడు వింటే పన్నెండేళ్ళ మా అమ్మాయి పుస్తకాలు మూసేసి పక్కింటికి పోయేది.

మందుల కొట్టులో పనిచేసే మనవాడొకాయన తాగుడు మాన్పించే మాత్రలు ఇచ్చాడు. తాగిన సారాను మన కాలేయం రెండు విడతలుగా విరిచి బయటికి పంపుతుందట. ఈ మాత్ర రెండో విడతను ఆపేస్తుందట. సగం విరిగిన విషం రక్తంలోనే నిలిచిపోయి ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. "ఆయనకి సెప్పి, ఒప్పుకుంటేనే ఇయ్యమ్మా" అని రెండుసార్లు చెప్పాడు. తలూపాను. ఇంటికొచ్చి మాత్ర నూరి, పొద్దున్నే ఆయన తాగే చోడి అంబలిలో, అదే రాగిజావలో, కలిపాను. చెబితే ఒప్పుకునేవాడేమో. అడిగి చూశానా? లేదు.

వారం తిరగకుండానే హండియా తాగి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. తాగనని ఎప్పుడో పైడితల్లి అమ్మవారికి ఇచ్చిన మాట తప్పాడు కదా, తల్లే పట్టుకుందనుకున్నాడు. పటం ముందు ఒట్టు పెట్టాడు. మానేశాడు. నిజంగానే మానేశాడు. నేనే మానలేదు. అనుమానం పెనుభూతం అంటారు, అది నన్ను పట్టింది. ఎనిమిది నెలలు రోజూ కలుపుతూనే ఉన్నాను.

తర్వాత ఇద్దరికీ, తండ్రికీ కూతురికీ, ఒకేసారి జ్వరం వచ్చి తగ్గింది. నీరసానికి డాక్టరు టానిక్ రాశాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన భోజనం చేశాడు. నేను అంట్లు తోమి లోపలికి వచ్చేసరికి ముఖం ఎర్రగా కంది, మంచంకోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికెళ్ళి నోరు వాసన చూశాను. స్పిరిట్ వాసన.

"మళ్ళీ తాగినావా మావా?"

"నాను తాగనేదే. తల్లి మీదొట్టు. టానిక్కే తాగినాను."

"టానిక్ తాగితే మొకం ఇలాగవుద్దేటి? పిల్ల కూడా అదే తాగతంది, దానికేటీ అవనేదే!"

అమ్మాయి అప్పుడే బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాన్నా, ఝూఠ్ మత్ బోలో," అంది. అబద్ధమాడకు అని, కన్నతండ్రితో. నేను దాన్ని కసరలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున కూడా అంబలి ఇచ్చాను. మాత్ర కలిపే ఇచ్చాను. అమ్మాయి బడికి వెళ్ళాక ఆయన టానిక్ సీసా తెచ్చి నా ముందు కూర్చుని, "సూడే," అని రెండు మూతలు తాగాడు. కాసేపటికి మెడ, చెవులు, కళ్ళు ఎర్రబడ్డాయి. గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. టానిక్‌లో కూడా కొంత సారా కలుస్తుందని మందుల కొట్టాయన తర్వాత చెప్పాడు గానీ, నాకు అప్పుడే తెలిసిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని విసురుతూ కూర్చున్నాను.

రొప్పు తగ్గాక ఆయన అన్నాడు, "ఇప్పుడు నమ్మినావా? ఆ టానిక్కు నాకు పడనేదే. పిల్లకి నువ్వే సెప్పు, నాను తాగనేదని. నా మాటైతే అది నమ్మదు."

"సెప్తానులే," అన్నాను.

చెప్పలేదు. మాత్రలు ఆ రోజే కాలవలో పారేశాను, మాట మాత్రం చెప్పలేదు. టానిక్ పడలేదమ్మా అంటే సరిపోయేది. కానీ అది నోరున్న పిల్ల. నాకు పడింది నాన్నకెందుకు పడలేదంటుంది, డాక్టరునే అడుగుదాం పద అంటుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. మొగుడికి మందు పెట్టింది అన్న మాట మనవాళ్ళలో ఎంత చెడ్డదో మీకు తెలుసు. నా పరువు కోసం ఆయన పరువు తీసి కూర్చున్నాను. అంతకంటే వేరే కారణం వెతికాను, దొరకలేదు.

ఆ తర్వాత ఆయన ఏడేళ్ళు బతికాడు. చుక్క ముట్టలేదు. నేను చెప్పేశాననే అనుకున్నాడు. చెప్పినా అది నమ్మలేదనుకున్నాడు. దాచుకుని తాగడం నేర్చాడని అమ్మాయి అనుకుంది. ఆయన తెలుగులో ఏమడిగినా హిందీలో పొడిగా ఒక ముక్క చెప్పేది. గుండెపోటుతో పోయాడు. ఆ మాత్రలకూ దానికీ ఏమైనా సంబంధం ఉందా అని నేను ఎవరినీ అడగలేదు.

పెద్దకర్మ నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఆకులో పెడతాం కదా. చేపల పులుసు పెట్టాను, బీడీకట్ట పెట్టాను. అత్తారింటి నుంచి వచ్చిన అమ్మాయి సంచిలోంచి ఒక క్వార్టర్ సీసా తీసి, మూత తిప్పి, ఆకు పక్కన పెట్టింది.

"ఇప్పుడైనా దాసుకోకండా తాగు నాన్నా," అంది ఏడుస్తూ. ఎన్నేళ్ళకో ఆయనతో తెలుగులో మాట్లాడింది.

చెయ్యని తప్పుకు తండ్రిని క్షమిస్తోంది నా బిడ్డ. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ సీసా తియ్యమ్మా అనాలి. అనలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. రాసేశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఆయన తాగలేదు. ఆ రోజూ తాగలేదు, ఆ తర్వాతా తాగలేదు. అమ్మాయికి చెప్పమన్నాడు. మీకు చెప్పాను.