పేషెంటు ప్లేటు

శనివారం ఉదయం ఏడింటికి జిండెల్ఫింగెన్‌లో బయలుదేరాను. మ్యూనిక్ ఆసుపత్రిలో ఉన్న మా తోడల్లుడు శ్రీనివాస్‌ని చూడ్డానికి. కడుపులో కాన్సర్, ఆపరేషన్ అయింది. బరువు పెరిగితే గానీ కీమో మొదలుపెట్టేది లేదని డాక్టర్లు తేల్చేశారు. ఇంకేముంది, ఆ బరువు పెంచే బాధ్యత ఇక్కడి మన తెలుగువాళ్ళంతా తలా ఒక కారియర్ పట్టుకుని నెత్తినేసుకున్నారు. నా చేతిలో మా ఆవిడ పెట్టిన మిరియాల చారు, మెత్తటి అన్నం.

స్టుట్‌గార్ట్‌లో రైలు నలభై నిమిషాలు లేటు. జర్మన్ల సమయపాలన గురించి మనకు గొప్పలు చెప్పిన మహానుభావుడెవరో ఒకసారి కనబడాలి. పక్క సీట్లో డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ చదివే అమ్మాయి కారియర్ చూసి, "పేషెంటుకా అన్నా? మిరియాలు వేడి చేస్తయి" అంది. చదివేది కంప్యూటర్లు.

పన్నెండున్నరకి గదిలో అడుగుపెట్టాను. పక్క మంచం మీద ఇరాన్ పెద్దాయన, ఆయన భార్య పర్వీన్. వాళ్ళ పాత వైద్యంలోనూ తిండికి వేడి, చలువ ఉన్నాయట. "పెరుగు చలువ, వద్దు. రోగి కడుపుకి పని పెట్టకూడదు. బార్లీ నీళ్ళు, కాస్త కుంకుమపువ్వు" అని జర్మన్‌లో ఆజ్ఞాపించింది. మా అమ్మమ్మకి ఇరాన్‌లో ఒక చెల్లెలుందని నాకప్పుడే తెలిసింది.

ఆసుపత్రి పంపిన ట్రేలో చల్లటి పెరుగు, చీజు, రొట్టె. మా మరదలు సునీత చారు వేడిచేయడానికి బయటికి వెళ్ళగానే శ్రీనివాస్ ట్రే నావైపు తోశాడు.

"పారేస్తే పాపం అన్నా. తిను. వచ్చినోళ్ళందరూ తింటున్నరు."

పొద్దుటి నుంచి కాఫీ తప్ప ఏమీ లేదు. ప్లేటు అద్దంలా ఊడ్చేశాను.

సునీత, ఆమె వెనకే ఆహార నిపుణురాలు వచ్చారు. ఆవిడ ఖాళీ ప్లేటు చూసి తల పట్టుకుంది. "రోజూ అంతా తింటున్నారు, బరువు మాత్రం తగ్గుతోంది. ఒంటికి పట్టడం లేదంటే రోగం ముదిరిందేమో. మళ్ళీ పరీక్షలు చేయాలి."

సునీత మొహం పాలిపోయింది. నా మీసానికింకా పెరుగు అంటుకునే ఉంది.

"తిన్నది ఆయన కాదు, నేను" అన్నాను.

సునీత మంచం వైపు తిరిగింది. "రోజూ ఇంతేనా?"

"వాసనకే వాంతికొస్తుంది. ప్లేటు నిండుగుంటే నువ్వు ఏడుస్తున్నవు గదా" అన్నాడు శ్రీనివాస్.

ఆమె అప్పుడూ ఏడ్చింది. నిపుణురాలు మాత్రం ఊపిరి పీల్చుకుంది. రోగం ముదరలేదేమో, మనిషి పస్తులుంటున్నాడంతే. వాంతికి మందు, తిండికి ముక్కులోంచి గొట్టం, నోటితో ఏది సహిస్తే అది రెండు చెంచాలు. పెరుగైనా, బార్లీ అయినా సరేనంది. పర్వీన్‌కి నచ్చలేదు. మా చారు పేరెత్తలేదని నాకూ నచ్చలేదు.

ఆరింటి రైలెక్కాను. ఆగ్స్‌బర్గ్ దాటాక సునీత ఫోన్: "గొట్టం వేసిండ్రు బావా. తినమని ఎవరూ అంటలేరని హాయిగా నిద్రపోయిండు."

మీరూ ఎవరినైనా చూడ్డానికి వెళ్తే చెప్తున్నాను. ఇరాన్ వైద్యం, జర్మన్ వైద్యం, మన వంటిల్లు అన్నీ కలిసి ఆ గదిలో బరువు పెంచింది పరామర్శకి వెళ్ళిన మాకే.