మాట్లాడకు, రెప్ప కదులుతుంది

వీధిలో అందరూ ఆమెను రెప్పలక్క అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. మందుల షాపు పైగదిలో ఆమె బ్యూటీ పార్లర్. ఒక వాలుకుర్చీ, ఎటు కావాలంటే అటు వంగే దీపం, ఒక స్టూలు. కనుబొమలూ ముఖాలూ కూడా చేస్తుంది గానీ, పలచబడ్డ కనురెప్పలను మళ్ళీ ఒత్తుగా పెంచడంలో ఆమె తర్వాతే ఎవరైనా. నోరు మాత్రం జాస్తి. కాటుక కడుక్కోకుండా పడుకునేవాళ్ళను "అవి కళ్ళా, మసిగిన్నెలా?" అని నిలదీస్తుంది. కళ్ళు నులమకు, పాత మస్కారా పారేయ్, శుభ్రమైన బ్రష్‌తో ఒక్క చుక్క ఆముదం, రెండు మూడు నెలల ఓపిక. ఇంతే ఆమె వైద్యం. అతికించే రెప్పలు అడిగితే ఒంటికాలి మీద లేస్తుంది.

ఆమెకు ఒక చెల్లెలు. తల్లి పోతూ పోతూ ఆ పిల్లను ఈమె చేతిలో పెట్టింది. "కంటికి రెప్పలా చూసుకుంటానమ్మా" అని ఈమె మాట ఇచ్చింది. ఆ మాటను మరీ అక్షరాలా పట్టుకుంది. అదే వచ్చిన చిక్కు.

చెల్లెలిది ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ తిట్లు. చేరిన ఏడాదికే కుడి కంటి రెప్ప మధ్యలో వెంట్రుకలు పోయి ఖాళీ కనబడింది. తర్వాత ఎడమ కన్ను. అక్కకు తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ రెప్పలు పెంచే మనిషి ఇంట్లో ఈ బోడి రెప్పలేమిటి? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా!

ప్రతి ఆదివారం మధ్యాహ్నం చెల్లెల్ని కుర్చీలో పడుకోబెట్టేది. ఆ పనిలో కన్ను మూసే ఉండాలి. ముఖం కదిలితే రెప్ప అదురుతుంది, నూనె కంట్లోకి పోతుంది.

"అక్కా, ఆఫీసులో..." అని చెల్లెలు మొదలుపెట్టేది.

"మాట్లాడకు, రెప్ప కదులుతుంది."

"అది కాదక్కా, నాకు..."

"చెప్పానా! అయ్యాక చెబుదువుగానిలే."

అయ్యేసరికి ఇంకో కస్టమర్ మెట్లెక్కి వచ్చేది. మూడేళ్ళు ఇదే వరస. రెప్పలు మొలిచేవి, పోయేవి. అక్క నూనె మార్చింది, బ్రష్ మార్చింది, చివరికి "నీకే శ్రద్ధ లేదే" అని తిట్టింది కూడా. ఆ నెలలోనే చెల్లెలు వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. అక్క కిటికీ దగ్గర నిలబెట్టి చూసింది. రెప్పలు ఒత్తుగా, పొడుగ్గా, కొసలు పైకి తిరిగి ఉన్నాయి. సంతోషమే, కానీ కడుపులో ఎక్కడో చిన్న మంట.

"ఏం రాశావే?"

"ఏమీ రాయలేదక్కా. పీకడం మానేశాను."

"పీకడమేంటి?"

"ఫోన్లో తిడుతుంటే తెలియకుండానే వేళ్ళు అక్కడికి పోయేవి. ఒక్కొక్కటే లాగేదాన్ని. ఇంటికొచ్చినా ఆగేది కాదు. ఇప్పుడు మా పై వాటాలో ఒక నర్సు ఉంటుంది. ఆవిడే కనిపెట్టి అడిగింది, డాక్టర్‌ దగ్గరికీ తీసుకెళ్ళింది. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ ఆవిడకి చెప్పుకునేదాన్ని."

అక్క స్టూలు మీద కూలబడింది. ఇరవయ్యేళ్ళ పనిలో, రాలిన రెప్పకూ లాగిన రెప్పకూ తేడా ఆమెకు తెలియదా? తెలుసు. ఇంకెవరైనా అయితే మొదటి రోజే పట్టేసేది. సొంత చెల్లెలనేసరికి ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయింది. "నాతో ఒక్క మాట అనకూడదూ" అనబోయి మింగేసింది.

లేచి తలుపు గడియ పెట్టి వచ్చింది. చెల్లెలికి ఎదురుగా కూర్చుని దాని చేతులు రెండూ పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పవే. ఎంతసేపైనా వింటాను."

చెల్లెలు నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"ఇప్పుడు చెప్పడానికేం లేదక్కా" అంది. "అన్నీ ఆవిడకి చెప్పేశాను."